ఖాసింబీ అవ్వ చావు ఎలాన్

మా ఆయన గొంతు తెలియనివాళ్లు నంద్యాలలో లేరు. మనిషిని మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. అబ్దుల్ వహాబ్ అంటే బక్కపలచగా, నలుగురిలో పడితే కనిపించని మనిషి. ఆటో మీద మైకు కట్టుకుని నోరు తెరిచాడంటే మాత్రం వీధులకు వీధులు చెవులు అప్పజెప్పాల్సిందే. చీరల ప్రదర్శనకు ఆయనే, కొత్త బిర్యానీ హోటలుకు ఆయనే, కంటి ఆపరేషన్ల శిబిరానికి ఆయనే. ఎలక్షన్లు వస్తే పొద్దున ఒక పార్టీకి, మాపున ఇంకో పార్టీకి, రెంటికీ అదే ఉద్రేకం.

"ఈ రోజే ఆఖరు! మంచి తరుణం మించిన దొరకదు!" అనే మాట ఆ గొంతులో ఎన్ని వేలసార్లు విన్నానో. ఆళ్లగడ్డలో ఒక ఫంక్షన్ హాలులో పెట్టిన చీరల ప్రదర్శనకు 'ఆఖరి మూడు రోజులు' అని రంజాన్ ముందు మొదలుపెట్టి బక్రీదు దాకా ప్రచారం తిప్పాడు. అక్కడ కాపురం చేస్తున్న మా ఆడబిడ్డ ఆర్షియా నాకు ఫోన్ చేసి, "భాభీ, మా అన్నకు మూడు అంకె తర్వాత ఏమొస్తాదో ఎవురూ నేర్పలేదా?" అని పడీపడీ నవ్వింది.

ఈ గొంతునే మున్సిపాలిటీవాళ్లు వెతికి పట్టుకుని వరద హెచ్చరికలకు కూడా పెట్టారు. ఎవరి తెలివో గాని, వాళ్లకో దండం.

మాది సున్నంబట్టీ వీధి, సరిగ్గా కుందూ ఏటి ఒడ్డున. "లోతట్టు ప్రాంతాల ప్రజలు వెంటనే సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్లాలి" అని మా ఆయన అరుచుకుంటూ పోతుంటే, మా వీధివాళ్లు పక్క వీధి వైపు జాలిగా చూసేవాళ్లు, పాపం లోతట్టోళ్లు అని. పక్క వీధివాళ్లు మా వైపు చూసేవాళ్లు. నేను లోతట్టులో కాపురం ఉంటున్నానని ఒప్పుకున్న మనిషిని ఇంతవరకు నేను చూడలేదు.

ఇక ఫోన్లు. వానాకాలం వస్తే అందరి ఫోన్లూ ఒక్కసారిగా కుయ్యోమని కూస్తాయి. జిల్లాలోని కొన్ని ప్రాంతాల్లో భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది, అప్రమత్తంగా ఉండండి. ఏ ప్రాంతమో ఉండదు, ఎప్పుడో ఉండదు, అప్రమత్తంగా ఉండటమంటే కూర్చోవాలో నిలబడాలో ఉండదు. మొదట్లో పసిపిల్లలు జడుసుకుని ఏడ్చేవాళ్లు. ఎదురింటి తౌసీఫ్ ఫోన్లు బాగుచేసే పని చేస్తాడు. అది కూయకుండా నోరు మూయించే కిటుకు వాడే వీధంతటికీ నేర్పాడు. పుణ్యం కట్టుకున్నావు నాయనా అని ముసలివాళ్లు దీవించారు.

అట్లాగని మా వీధి ఎప్పుడూ నమ్మలేదనడం అన్యాయం. ఒక ఏడు నమ్మారు. మా ఆయన మైకులో బతిమాలితే మూటాముల్లె సర్దుకుని మిట్ట మీదున్న బడికి పోయారు. పులిహోర పొట్లాలు తిన్నారు. ఏరు రాలేదు. తిరిగి ఇళ్లకొచ్చి చూస్తే దొంగలు వచ్చిపోయారు. సగం ఇళ్లలో గ్యాస్ సిలిండర్లు లేవు, బాలమ్మ కోళ్లు లేవు. ఇక అప్పటినుంచి ఆటో కనబడితే చాలు, "ఏం వహాబన్నా, ఈతూరి సిలిండర్లకా, కోళ్లకా?" అని వెక్కిరింపు. దొంగలకూ మా ఆయనకూ పొత్తు ఉందని అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు, మొహం మీద అనలేదు అంతే.

మా అత్త ఖాసింబీ సంగతి ఇప్పుడు చెప్పాలి. వీధి మొత్తానికి ఆమె అవ్వ. మా వాళ్లలో ఆడమనిషి కన్నుమూస్తే ఖననానికి ముందు ఆడవాళ్లే ఆఖరి స్నానం చేయించాలి. గుసుల్ అంటాం. అది తెలిసి చేయించాలి, ఎవరు పడితే వాళ్లు చేయలేరు. మా వీధిలో ఆ చెంబు పట్టేది మా అత్తే. ఆమె నీళ్లు పోయని ఇల్లు లేదు. అందుకే ఎంత పొగరుబోతువాడైనా, మా అమ్మకు నీళ్లు పోసిన చెయ్యి కదా అని ఆమె ముందు తల వంచేవాడు.

ఇందరిని సాగనంపిన మనిషి తనకోసం కోరుకున్నది ఒక్కటే. "నాకు మొదటి చెంబు నా కూతురు పోయాల. తర్వాత మీ ఇష్టం, కొళాయి కింద పండబెట్టినా అడగను" అనేది. ఈ మాట వీధిలో అందరికీ తెలుసు. ఆర్షియా వచ్చినప్పుడల్లా తల్లి అదే పాట ఎత్తుకుంటే, "పోస్తాలేమ్మా, ముందు నువ్వు సావు" అని కూతురు ఎగతాళి చేసేది. తల్లీకూతుళ్ల ముద్దుమురిపెం ఆ తీరుగా ఉండేది.

మా వీధి ఏ హెచ్చరికా నమ్మదు గాని, ఒక్కటి మాత్రం నమ్ముతుంది. మసీదు మైకు టక్ టక్ మని మోగి ఇమాం సాబు గొంతు 'ఎలాన్' అంటే, పొయ్యి మీద కూర మాడుతున్నా సరే చేతిలో పని ఆగిపోవాల్సిందే. ఎలాన్ అంటే చావు కబురు. పేరు, ఇల్లు, పూడ్చేముందు చదివే జనాజా నమాజు వేళ, అంతే. ఆ నాలుగు మాటలకు వీధి వీధంతా లేస్తుంది. నిన్న జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్లు కూడా వస్తారు. పూలమ్మే బాలమ్మలాంటి హిందువులూ, క్రైస్తవులూ వస్తారు. మా వీధిలో పెళ్లికి పోకపోతే మాట పడతారు, చావుకు పోకపోతే మనిషి కింద లెక్కగట్టరు.

ఆ రోజు మాకు ఎండ కాస్తోంది. అదే వచ్చిన చిక్కు. ఒక షాపు ప్రారంభోత్సవం ప్రచారానికి పాణ్యం పోయిన మా ఆయన మధ్యాహ్నం కాకముందే తిరిగొచ్చాడు. బట్టలు నిలువునా తడిసి ఉన్నాయి.

"హజీరా, పైన ఆకాశం చిల్లు పడినట్టు పోస్తాండాది. వాగు మీద వంతెన కనపడల్యా. ఎనుములు కొట్టకపోతాండాయి, నా కండ్లతో చూసినా. ఆ నీళ్లన్నీ యాడికి పోతాయి? మాపటికి ఈడికే" అన్నాడు.

ఆటో తిప్పుకుని వీధిలోకి పోయాడు. మున్సిపల్ ఆఫీసు నుంచి కూడా ఫోన్ వచ్చింది, చెప్పమని. ఆ రోజు ఆయన రాసిచ్చింది చదవలేదు. "అన్నా, అమ్మా, లోతట్టు గీతట్టు కాదు, మన వీధికే వస్తాండాది. నేను చూసొచ్చినా. పిల్లల్ని తీసుకోని మిట్ట మీదికి పోదాం పాండి" అని గొంతు బొంగురు పోయేదాకా మొత్తుకున్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. తౌసీఫ్ కొట్లోంచి తల బయటికి పెట్టి, "ఒకటి కొంటే ఒకటి ఫ్రీనా మామా?" అన్నాడు. వీధంతా నవ్వింది. బాలమ్మ పూలు కడుతూ కడుతూనే ఆకాశం వైపు చెయ్యి చూపించింది.

"ఎండ పెళ్లున కాస్తాంటే ఏరు యాడ్నుంచి వస్తాదప్పా? నాకు మళ్లా కోళ్లు కొనే ఓపిక లేదు, ఈతూరి మేకలు పోగొట్టుకోలేను, నువ్వు పో."

మా ఆయన ఇంటికొచ్చి గడపలో కూలబడ్డాడు. అంత పెద్ద గొంతున్న మనిషి చప్పుడు లేకుండా ఏడ్చాడు. మా అత్త మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరించుకుంటోంది. అడకత్తెర పక్కన పెట్టి కొడుకు గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"నిజమేనా?"

"నిజమేమ్మా. ఎవురూ నమ్మరు."

"మైకులో అరిస్తే నీ మొగం ఎవురికి కనపడతాది? నాకు కనపడతాండాది. నిజమే." తర్వాత వక్క నోట్లో వేసుకుని, కూరగాయలు తెమ్మన్నంత మామూలుగా అంది. "అయితే నన్ను సంపెయ్."

"ఏందమ్మా?"

"నేను సచ్చినానని ఎలాన్ ఇప్పియ్. ఆస్పత్రిలో పోయినానని చెప్పు. మిట్ట మీద లూదియా టీచరమ్మ బడి ఉండాది కదా, శవాన్ని ఆడ పెట్టినామని, మయ్యత్ ఆడనే ఉండాదని చెప్పు. ఆడోళ్లు చూసేదానికి వస్తారు, మొగోళ్లు మోసేదానికి వస్తారు, పిల్లోళ్లు అమ్మల ఎంబడి వస్తారు. ఇంక ఇండ్లల్లో ఎవురుంటారు, కుక్కలు తప్ప?"

మా ఆయన చెవులు మూసుకున్నాడు. "గుణా అమ్మా, పాపం! సావు మీద అబద్ధమా?"

"గుణా నా లెక్కలో రాసుకోనీలే. ఇంతమంది ముసిలోళ్లకు నీళ్లు పోసినా. పిల్లోళ్లకు పోసే శక్తి నాకు లేదురా. రేపు ఆ పని నాతో చేపియ్యొద్దు."

నాకు వేరే భయం పట్టుకుంది. నేనే అడిగాను. "అమ్మా, నిజంగా ఆ రోజు వస్తే అప్పుడు ఎవరు నమ్ముతారు? ఎవరొస్తారు?"

"ఆర్షియా వస్తాది. నాకు అది చాలు" అంది.

"అయితే ఆర్షియాకు ముందే చెప్దాం."

"వద్దు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. మొగునికి చెప్తాది, అల్తాఫు తన దోస్తు తౌసీఫు గానికి ఫోన్ చేస్తాడు, అంతా ఈడనే కూచోని మునుగుతారు. ఆళ్లగడ్డకు కబురు పోయేలోపల నేను లేసి కూచుంటాలే."

ఆమె జీవితంలో లెక్క తప్పింది అక్కడే. వరద కబురు నడిచి వస్తుంది గాని, చావు కబురు ఎగిరిపోతుందని ఆమెకు తెలియనిదా? ఆ గడబిడలో తోచలేదు.

లూదియా టీచరమ్మను నేను పోయి అడిగాను. మిట్ట మీద ఆ చిన్న బడి ఆమే నడుపుతుంది. మా పిల్లలంతా అక్కడ చదివినవాళ్లే. విన్నాక నుదురు పట్టుకుంది. "అబద్ధ సాక్ష్యం పలకొద్దని రోజూ ప్రార్థనలో పిల్లలతో చెప్పిస్తాను హజీరా" అంది. వెనకాలే ఆటో దిగుతున్న మా అత్త, "నువ్వేం పలకొద్దులే తల్లీ. తలుపు తియ్, చాలు" అంది. టీచరమ్మ తలుపు తీసింది.

మా ఆయన మసీదుకు పోయాడు. మైకు లేకుండా అబద్ధం చెప్పడం ఆయనకు అదే మొదటిసారి. ఎట్లా చెప్పావని తర్వాత అడిగాను. ఇమాం సాబును చూడగానే ఏడుపొచ్చిందట, ఇంక చెప్పే పని పడలేదట. ఇమాం సాబు తల్లికి కూడా మా అత్తే నీళ్లు పోసింది. ఆయన కళ్లు తుడుచుకుని మైకు దగ్గరికి పోయాడు.

"ఎలాన్. సున్నంబట్టీ వీధి ఖాసింబీ అమ్మ అల్లా దగ్గరికి వెళ్లిపోయారు. మయ్యత్ మిట్ట మీద బడిలో ఉంది. చూసుకోదలిచినవాళ్లు వెంటనే బయలుదేరండి."

వీధి లేచింది. ఎన్ని మైకులు మొత్తుకున్నా, ఎన్ని ఫోన్లు కూసినా కదలని వీధి, ఒక్క ముసలమ్మ చచ్చిందంటే పొలోమని కదిలింది. తౌసీఫ్ కొట్టు షట్టరు దించాడు. బాలమ్మ అమ్మకానికి కట్టిన దండ తెగ్గొట్టకుండానే బుట్టలో పెట్టుకుని వచ్చింది. ఏళ్ల తరబడి మంచం దిగని ముసలాయన ఒకరు, నా పెండ్లానికి నీళ్లు పోసిన మనిషి, నన్ను తీసుకపోండి అని పట్టుబడితే కొడుకులు మంచంతో సహా మోసుకొచ్చారు. మిట్ట మీద నిలబడి ఆ బారు చూస్తుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గదిలో రెండు బల్లలు కలిపి మా అత్తను పడుకోబెట్టి దుప్పటి కప్పాం. గుమ్మంలో నేను నిలబడ్డాను. "కూతురు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పిపోయింది, ఈడనుంచే చూడండి" అన్నాను. ఆ కోరిక అందరికీ తెలిసిందే గనక ఎవరూ కాదనలేదు. పోయినోళ్లంతా మంచోళ్లే కదా, అందరూ అవ్వ మంచితనం తలుచుకుని ముక్కులు చీదారు. ఆమెకు గోల ఎక్కువని రోజూ తిట్టుకునే పక్కింటావిడ, ఇంక మా వీధిలో మాట వినపడదని శోకాలు పెట్టింది. దుప్పటి కింద అత్త కాలి వేలు కదిలింది. నేను అడ్డం నిలబడ్డాను.

బయట మగవాళ్లు జనాజా ఎప్పుడని అడగడం మొదలుపెట్టారు. ఏరు రావడం లేదు. ఒకవేళ రాకపోతే? ఆ ఆలోచన రాగానే గుమ్మంలోంచే మెడ చాచి ఏటి వైపు చూశాను. సరిగ్గా అప్పుడే మోటారుసైకిల్ చప్పుడైంది. అల్తాఫ్ బండి ఆపకముందే ఆర్షియా దూకింది.

వీధిలో ఎవరో ఎలాన్ పూర్తి కాకముందే ఫోన్ చేసి చెప్పారట. ఆళ్లగడ్డనుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. తల మీద కొంగు లేదు, కాళ్లకు చెప్పులు లేవు. చేతిలో ఒక సంచి, అందులో శవానికి చుట్టే కఫన్‌కు తెల్లగుడ్డ, అత్తరు సీసా. అంత ఏడుపులోనూ దారిలో కొట్టు దగ్గర బండి ఆపించి తీసుకుందట, నా తల్లికి నా చేత్తో తెచ్చిన గుడ్డే కట్టాలని. నన్ను తోసుకుని లోపలికి పోయి తల్లి మీద పడింది.

"అమ్మా, వచ్చినానమ్మా. మొదటి చెంబు నేనే పోస్తా. ముందు సావు అంటిని కదమ్మా, నా నోరు పడిపోను, ఎందుకంటినో" అని గుండెలు బాదుకుంది.

ఏ తల్లి పడుకోగలదు? దుప్పటిలోంచి చెయ్యి వచ్చి కూతురి తల నిమిరింది.

గదిలో కేకలు మిన్నంటాయి. ఒకామె తెలివి తప్పి పడింది. మా అత్త లేచి కూర్చుని, "ఏడవద్దు బిడ్డా, నేను బాగున్యా" అంది. ఆర్షియా వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. "ఏంది భాభీ ఇది?" అని నన్ను అడిగింది. చెప్పాను. ఏరు సంగతి, ఎవరూ నమ్మని సంగతి, అన్నీ చెప్పాను. వింటూ ఆ తెల్లగుడ్డ మడతలు సరిచేసుకుంటూ ఉండిపోయింది.

"అందరికీ చెప్పకపోతిరి, సరే. నాకు చెప్పకూడదా? దావ పొడుగునా నేను ఎట్లా వచ్చినానో నీకు ఎరికేనామ్మా?" గుడ్డ తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది. "పెట్టుకో. మళ్లా సచ్చినప్పుడు నాకు కబురు చెయ్యొద్దు."

బయటికి పోయి బండెక్కింది. అల్తాఫ్ మా వైపు చూడకుండా బండి తిప్పాడు.

అప్పటికే బయట తౌసీఫ్ మా ఆయన కాలర్ పట్టుకున్నాడు. నలుగురు చేయి చేసుకోబోతున్నారు. ఇంతలో కింద వీధి వైపు నుంచి పెద్ద చప్పుడు. లారీలో కంకర దించినట్టు వినబడింది. అందరూ తిరిగి చూశారు. ఎర్రటి నీళ్లు గట్టు తెంచుకుని మా వీధిలోకి దూరాయి. కాసేపటికి బాలమ్మ గుడిసె లేదు. తౌసీఫ్ కొట్టు షట్టరు కాగితంలా మడతపడింది. మా ఇంటి మిద్దె మాత్రమే కనబడుతోంది. ఆ నీళ్లలో మా వీధి మనిషి ప్రాణం ఒక్కటి కూడా లేదు, పసిబిడ్డ దగ్గర్నుంచి మంచంలోని ముసలాయన దాకా.

ఇప్పుడు అందరూ వచ్చి మా అత్త కాళ్ల మీద పడతారనుకున్నాను. నా పిచ్చి. ముందుగా బాలమ్మే వచ్చింది.

"నువ్వు సచ్చినావని నేనొస్తే నా మేకలు సచ్చిపాయ కదే అవ్వా! నిజం జెప్పింటే తోలుకోనొస్తాంటి కదా!"

ఇంక అందరికీ నోరొచ్చింది. నిజం చెప్పింటే బండి తెచ్చుకుంటాంటిమి. నిజం చెప్పింటే పిల్లల సర్టిఫికెట్లు తెచ్చుకుంటాంటిమి. నిజం చెప్పింటే బంగారు తెచ్చుకుంటాంటిమి. "ఇందాక నా మొగుడు గొంతు పగిలేలా చెప్పింది ఏందిరా? అది నిజం కాదా?" అని నేను అరిచాను. తౌసీఫ్, "ఆయన ఎప్పుడూ అట్లనే చెప్తాడు కదత్తా" అన్నాడు.

ఇమాం సాబు అరవలేదు. మా ఆయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "పిల్లోళ్లు బతికినారు, అల్లాకు షుకర్. కానీ వహాబూ, ఆ మైకులో ఇంతవరకు ఒక్క అబద్ధం పోలేదు. నా నోటితో చెప్పిస్తివి" అని పోయాడు. మా ఆయన ఆ మాట ఇప్పటికీ మోస్తున్నాడు.

రెండో రోజు పేపర్లో వేశారు, ముందస్తు హెచ్చరికల వల్ల ప్రాణనష్టం తప్పిందని. చదివి నేను ఆ పేపరు బురద తుడవడానికి వాడుకున్నాను.

నీళ్లు తీశాక అందరం వీధికి తిరిగొచ్చాం. ఇళ్లు కడుక్కున్నారు, పడిపోయినవి లేపుకున్నారు. మా గడప మాత్రం తొక్కలేదు. ఆడమనిషి ఎవరైనా పోతే గుసుల్‌కు వేరే వీధి నుంచి ఒకామెను పిలుచుకొచ్చేవాళ్లు. చచ్చి లేచినదాని చెయ్యి శవానికి అరిష్టమట. ఏ పుస్తకంలో ఉందో వాళ్లకే తెలియాలి. మా అత్త ఆ చెంబును తోమి బోర్లించి పెట్టింది. మళ్లీ దాన్ని ఎత్తే పని పడలేదు. కూతురు తెచ్చిన తెల్లగుడ్డను ట్రంకు పెట్టెలో అడుగున పెట్టి, "మంచి గుడ్డ, యాడికి పోతాది" అంది.

రోజూ పొద్దు గూకి మగ్రిబ్ నమాజు కాగానే ఆర్షియాకు ఫోన్ చేసేది. అవతల మోగి మోగి ఆగిపోయేది. ఒక్కరోజూ ఎత్తలేదు. ముసలమ్మ కూడా ఒక్కరోజూ మానలేదు. "మోగిందంటే బతికుండానని దానికి తెలుస్తాది కదా, సాలు" అనేది.

ఎండాకాలంలో ఒకరోజు పొద్దున టీ ఇచ్చాను. అందుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. అడకత్తెర ఒళ్లో ఉంది.

మా ఆయన మసీదుకు పోయాడు. ఇమాం సాబు తిట్టలేదు, కాదనలేదు. "పా, చూసొస్తా" అని మాత్రం అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడి చూసి, కళ్లు మూసుకుని, తిరిగి పోయి ఎలాన్ ఇచ్చాడు. అదే గొంతు, అవే మాటలు. నేను కిటికీలోంచి వీధి వైపు చూస్తూ నిలబడ్డాను. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగారు. ఎవరో, "ఈతూరి ఏమొస్తాదంట, భూకంపమా?" అన్నారు. నవ్వులు. బిందెలు మళ్లీ నిండాయి.

మా ఆయన ఆర్షియాకు ఫోన్ చేశాడు. తన ఫోన్ నుంచి చేస్తే ఎత్తింది. "అమ్మ పోయిందమ్మా" అన్నాడు. "ఏట్లో నీళ్లు కూడా లేవు కదన్నా, ఈతూరి ఎవురి కోసం?" అని పెట్టేసింది. ఫోటో పంపాడు. అప్పుడు కూడా అట్లనే పండుకోనింది అని జవాబు పెట్టింది. లూదియా టీచరమ్మ ఫోన్ చేస్తే ఆర్షియా, "మీ బడిలోనే కదా టీచరమ్మా పండబెట్టింది" అంది. ఇమాం సాబు చేస్తే అల్తాఫ్ ఎత్తి, అప్పుడు ఎలాన్ ఇచ్చింది కూడా మీరే కదా సాబ్ అన్నాడట మర్యాదగానే. నమ్మకమున్న నోళ్లన్నీ ఆ ఒక్కరోజే వాడేసుకున్నాం. ఇంకొకటి మిగుల్చుకోలేదు.

ఎండలు మండిపోతున్నాయి, శవాన్ని ఎంతసేపని ఉంచుతారు? పొద్దు వాలేదాకా చూశాం. వేరే వీధి గుసుల్ ఆమె వచ్చింది. చాపల పరదా అవతలి నుంచి టీచరమ్మ బకెట్లు అందించింది. మొదటి చెంబు నేను ఎత్తాను. నీళ్లు సగం చెక్క పలక మీదే ఒలికాయి. ఇందరికి నీళ్లు పోసిన మనిషికి నీళ్లు పోయడానికి మేం ముగ్గురమే. ట్రంకు పెట్టె తీసి ఆ తెల్లగుడ్డే కట్టాం. జనాజా మోయడానికి మనుషులు చాలకపోతే టీచరమ్మ భర్త సంజీవయ్య వచ్చి భుజం పట్టాడు. వీధి దాటుతుంటే చూసి, అప్పుడు నిజమని తెలిసి, తౌసీఫ్ కొట్టు వదిలి చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. అంతే.

మరుసటి రోజు పొద్దున్నే వీధంతా మా గుమ్మంలో ఉంది. బాలమ్మ దండ తెచ్చింది, ఎవరికి వేయాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"నిజమని జెప్పింటే వస్తాంటిమి కదమ్మా హజీరా" అంది.

నేను నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకే భయమేసి మూసుకున్నాను. అప్పుడే ఆర్షియా వచ్చింది. ఈసారి ఏడవడం లేదు. తలుపు దగ్గరే ఆగిపోయింది.

"నిన్న మాపున ఫోన్ మోగలేదు భాభీ" అంది. "మగ్రిబ్ అయిపాయ, రాత్రి ఇషా నమాజు కూడా అయిపాయ, మోగలేదు. అప్పుడు నమ్మినా."

ఇంట్లోకి చూసింది, ఖాళీ మంచం చూసింది, తెరిచిన ట్రంకు పెట్టె చూసింది.

"ఏ గుడ్డ కట్టినారు?"

"నువ్వు తెచ్చిందే."

"మొదటి చెంబు?"

"నేనే పోసినా" అన్నాను.

తల ఊపింది. పెరట్లోకి పోయింది. స్నానం చేయించిన చెక్క పలక కడిగి గోడకు నిలబెట్టి ఉంది. దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి నేల మీద పరిచింది. తొట్టిలో చెంబు ముంచి, తల ఉండేచోట మొదలుపెట్టి, మెల్లగా, చెయ్యి అడ్డం పెట్టి, కళ్లలోకి నీళ్లు పోకుండా పోసినట్టు, ఆ ఖాళీ పలక మీద నీళ్లు పోసింది.